గాయకుడు ఘంటసాల

ఈ కోర్సు చదువుతున్న మీలో కొందరు సూరత్‌లో ఉంటున్నారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం ఆ నగరానికి వెళ్ళిన నేత కుటుంబాల వారు మీరు. లింబాయత్, ఉధ్నా వంటి పేటల్లో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగారు. మరమగ్గాలను మీ ఇళ్ళలో సాంచాలు అంటారు. ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, పనిలో హిందీ. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడిపినా, సాంచాల మీద పనికి పోవలసి వచ్చి మధ్యలోనే బడి మానినవారు మీలో ఉన్నారు.

పాఠంలోకి వెళ్ళే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లోనో ఇరుగుపొరుగునో ఉన్న పెద్దవారిని, ముఖ్యంగా బడికి వెళ్ళనివారిని, తమకు వచ్చిన ఒక పద్యం వినిపించమని అడగండి. శ్రద్ధగా వినండి. సంతకం పెట్టటం కూడా రాని పెద్దాయన నోట సంయుక్తాక్షరాలు, ఒత్తులు తడబడకుండా రావటం మీరు గమనించవచ్చు. మనం పుస్తకం ముందు పెట్టుకుని కూడా తప్పు పలికే మాటలను ఆయన సునాయాసంగా పలుకుతారు. ఆయనకు అక్షరం రాదు. మరి ఉచ్చారణ ఎవరు నేర్పారు?

చాలామంది విషయంలో ఆ గురువు పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు. రేడియో, గ్రామఫోను రికార్డు, సినిమాహాలు, ఊళ్ళో పెళ్ళిపందిట్లో మైకు ఆయన తరగతి గదులు. ఆయన పాడిన సినిమాలన్నిటి గురించీ ఈ పాఠంలో చెప్పబోవటం లేదు. అవి మీకు ఎలాగూ తెలుసు. ఆయన చదువు ఎలా సాగిందో, ఆ చదువు ఆయన గొంతులోకి ఎలా వచ్చిందో కొంచెం వివరంగా చూద్దాం.

తండ్రి భుజాల మీద

కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లి అనే ఊరు ఉంది. అక్కడ 1922 డిసెంబరు 4న ఘంటసాల జన్మించారు. తండ్రి సూరయ్య, తల్లి రత్తమ్మ. సూరయ్య మృదంగం వాయించేవారు, తరంగాలు పాడేవారు. తరంగాలంటే నారాయణ తీర్థులు కృష్ణుని లీలల మీద సంస్కృతంలో రచించిన పాటలు. కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో భజన బృందాలు వీటిని రాత్రంతా పాడుతూ ఆడేవి. తండ్రి పాడుతుంటే చిన్న వెంకటేశ్వరరావు నాట్యం చేసేవాడు. చూసినవాళ్ళు అతన్ని బాలభరతుడు అని ముద్దుగా పిలిచేవారు.

ఆ ముద్దు ఎంతోకాలం సాగలేదు. కొడుకుకు పదకొండేళ్ళు వచ్చేసరికి సూరయ్య కన్నుమూశారు. సంగీతం బాగా నేర్చుకొమ్మని కొడుకును కోరి పోయారని చెబుతారు. కుటుంబ భారం మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య మీద పడింది.

ఆ తర్వాత జరిగిన ఒక సంఘటన అతని దారి మార్చింది. పక్క ఊళ్ళో ఒక కచేరీ జరిగింది. అక్కడి విద్వాంసులు తమతో పోటీపడి పాడమని ఈ కుర్రవాణ్ణి పిలిచారు. గొంతు బాగుంది కదా అని వెళ్ళాడు. ఓడిపోయాడు. నలుగురిలో నవ్వులపాలయ్యాడు. వినికిడితో వచ్చిన పాటకూ శాస్త్రం తెలిసి పాడే పాటకూ ఉన్న తేడా అతనికి ఆ రోజు తెలిసింది. మీలో ఎవరికైనా, చదువు రాదని నలుగురిలో తలవంచుకోవలసి వచ్చిన రోజు ఉండే ఉంటుంది. అలాంటి రోజే అది.

సంగీతం నేర్చుకోవాలని తెలిసిన విద్వాంసుల ఇళ్ళలో పనికి కుదిరాడు. ఒక ఇంట్లో బట్టలు ఉతికాడు, ఇంకో ఇంట్లో వంట చేశాడు. అలా ఒక సంవత్సరం గడిచింది. బట్టలు ఉతకటం వచ్చింది, వంట వచ్చింది. సంగీతం మాత్రం రాలేదు.

విజయనగరం

ఆ కాలంలో తెలుగునాట సంగీతానికి పేరున్న కళాశాల విజయనగరంలో ఉండేది. మహారాజుల పోషణలో 1919లో వెలసిన ఆ కళాశాలకు తొలి అధ్యక్షులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల అక్కడికి వెళ్ళేనాటికి వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు ప్రిన్సిపాలుగా ఉన్నారు. ప్రయాణానికి డబ్బు లేదు. వేలికి నలభై రూపాయల విలువైన ఉంగరం ఉంది. దాన్ని ఎనిమిది రూపాయలకు అమ్మి రైలెక్కాడు. అవసరంలో ఉన్నవాడి వస్తువు ధర ఎప్పుడూ కొనేవాడే నిర్ణయిస్తాడు.

తీరా వెళ్ళేసరికి వేసవి సెలవులు. కళాశాల మూసి ఉంది. బతిమాలుకుంటే ఆవరణలో ఉండటానికి అనుమతి దొరికింది. భోజనానికి వారాలు కుదుర్చుకున్నాడు. వారాలంటే సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, ఇలా రోజుకొక ఇంట్లో విద్యార్థికి అన్నం పెట్టే పద్ధతి. కొన్నాళ్ళు బాగానే జరిగింది. తర్వాత తోటి విద్యార్థులు చేసిన తప్పుకు నింద ఇతని మీద పడింది. ఉండే చోటు పోయింది. సంగతి తెలిసి అన్నం పెట్టే ఇళ్ళవారు కూడా రావద్దన్నారు. ఊళ్ళోని ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నాడు.

ఆ గుడికి వచ్చిన పట్రాయని సీతారామశాస్త్రి అతని కథ విన్నారు. శాస్త్రిగారు సంగీత కళాశాలలో అధ్యాపకులు. సాలూరు చిన్నగురువుగారు అని ఆయనకు పేరు. తన ఇంట్లోనే ఉచితంగా పాఠం చెబుతానన్నారు. అయితే ఆయనది పేద సంసారం. విద్య పెట్టగలరు, అన్నం పెట్టలేరు.

అప్పుడు ఒక సాధువు అతనికి మధుకరం చేయటం నేర్పాడు. తేనెటీగ పువ్వు పువ్వుకూ తిరిగి కొంచెం కొంచెం తేనె తెచ్చుకున్నట్లు, భుజానికి జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పిడికెడు పిడికెడు అన్నం అడిగి తెచ్చుకోవటం మధుకరం. మొదటిరోజు గడప ముందు నిలబడి నోరు తెరిచి అడగటానికి ఎంత సిగ్గుపడి ఉంటాడో ఊహించండి. పొద్దున తెచ్చిన అన్నమే రాత్రికి కూడా. గుడ్డలో మూటకట్టి దాచుకుంటే చీమలు పట్టేవి. మేనమామ కొంత డబ్బు పంపిస్తే దానితో మొదట కొన్నది ఒక డబ్బా, అన్నం దాచుకోవటానికి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోకూడదు. వారాలు, మధుకరం అనే ఆచారాలు ఆ రోజుల్లో బ్రాహ్మణ విద్యార్థులకు ఉన్న వెసులుబాటు. ఘంటసాల ఆ కులంలో పుట్టారు కనుక ఆ గడపల ముందు నిలబడగలిగారు. అంతే గొంతు ఉన్న ఇతర కులాల పేదపిల్లలకు ఆ వీధిలోకి వెళ్ళటమే కష్టం. మీ తాతల కాలంలో మగ్గం ముందు కూర్చుని పాడిన గొంతులు ఎన్ని అలాగే ఆగిపోయాయో లెక్క లేదు. ఘంటసాల పడిన కష్టం నిజం. ఆ కష్టానికి తెరుచుకున్న తలుపులు అందరికీ తెరుచుకోలేదన్నదీ నిజం.

సెలవులు అయ్యాక కళాశాలలో చేరారు. శాస్త్రిగారి శిక్షణలో నాలుగేళ్ళ చదువును రెండేళ్ళలో ముగించారు. తర్వాత సొంత ఊరు చేరి ఉత్సవాలలో, పెళ్ళిళ్ళలో కచేరీలు చేస్తూ పిల్లలకు పాఠాలు చెప్పేవారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. అందులో పాల్గొని పద్దెనిమిది నెలలు బళ్ళారి దగ్గర అలీపురం జైలులో ఉన్నారు. 1944 మార్చి 4న మేనకోడలు సావిత్రిని వివాహం చేసుకున్నారు. ఆ సాయంత్రం పెళ్ళి కచేరీ ఎవరిదో తెలుసా? పెళ్ళికొడుకుదే.

మద్రాసు

అప్పట్లో తెలుగు సినిమాలు మద్రాసులో తయారయ్యేవి. మాటలు, పాటలు రాసే సముద్రాల రాఘవాచార్య ఘంటసాల గొంతు విని సినిమాల్లో ప్రయత్నించమన్నారు. రెండు నెలలు కచేరీలు చేసి కొంత కూడబెట్టి, కొంత అప్పుచేసి ఘంటసాల మద్రాసు చేరారు. సముద్రాల ఆయనను నటుడు, గాయకుడు చిత్తూరు నాగయ్యకు, దర్శకుడు బి.ఎన్. రెడ్డికి పరిచయం చేశారు. ఇద్దరూ విన్నారు, అవకాశం ఉంటే పిలుస్తామన్నారు. సముద్రాల ఉండేది చిన్న ఇల్లు. ఆయన్ను ఇబ్బంది పెట్టటం ఇష్టంలేక ఘంటసాల తన మకాం పానగల్ పార్కుకు మార్చారు. పగలు స్టూడియోల చుట్టూ తిరగటం, రాత్రి పార్కులో పడుకోవటం. కొత్త నగరానికి పనికోసం వెళ్ళి మొదటి రాత్రులు ఎక్కడ గడిపారో మీ తండ్రినో తాతనో అడిగి చూడండి.

సముద్రాల సాయంతో రేడియోలో పాడే అవకాశం వచ్చింది. సీతారామ జననం సినిమాలో బృందగానంలో ఒక గొంతుగా పాడి, చిన్న వేషం కూడా వేశారు. 1945లో స్వర్గసీమలో భానుమతితో కలిసి పాడే అవకాశం దొరికింది. భయపడుతూ పాడుతుంటే భానుమతి, నాగయ్య ధైర్యం చెప్పారు. ఆ పాటకు 116 రూపాయలు ఇచ్చారు. ఎనిమిది రూపాయలకు ఉంగరం అమ్ముకున్నవారికి అది ఎంత మొత్తమో మీరే లెక్కవేయండి.

ఆ తర్వాత కథ వేగంగా సాగింది. 1949లో వచ్చిన మనదేశం, కీలుగుర్రం సినిమాలకు ఆయనే సంగీత దర్శకులు. మనదేశం ఎన్.టి. రామారావు తొలి సినిమా. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్, 1962లో గుండమ్మ కథ, 1963లో లవకుశ సంగీత దర్శకుడిగా ఆయనకు శాశ్వతమైన పేరు తెచ్చాయి. మాయాబజార్‌కు మొదట సాలూరి రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి తప్పుకున్నారు, మిగిలిన పని ఘంటసాల పూర్తిచేశారు. ఇతరుల సంగీతంలో పాడటానికి కూడా ఆయన ఎన్నడూ వెనుదీయలేదు. 1953లో సి.ఆర్. సుబ్బరామన్ బాణీలతో వచ్చిన దేవదాసులో అక్కినేని నాగేశ్వరరావుకు పాడినప్పుడు ఆ గొంతు తాగుబోతు నిట్టూర్పులా తేలిపోతుంది. 1961లో జగదేకవీరుని కథలో పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడ రాగం ఆధారంగా కట్టిన పాటను రామారావుకు పాడినప్పుడు అదే గొంతు రాళ్ళను కరిగించే విద్వాంసుడిది. ఒకే మనిషి ఇద్దరు నాయకులకు పాడుతున్నా, తెరవైపు చూడకుండానే ఎవరి పాటో ప్రేక్షకులు గుర్తుపట్టేవారు.

అన్నీ విజయాలే అనుకోకండి. పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్ అనే మూడు సినిమాలు ఆయన సొంతంగా తీశారు. మూడూ నష్టమే. పాడి సంపాదించినది సినిమాలు తీసి పోగొట్టుకున్నారు. అయినా ఇంటికి వచ్చే కళాకారులకు ఆతిథ్యం తగ్గలేదు. హిందుస్తానీ సంగీతంలో మహా విద్వాంసుడైన బడే గులాం అలీఖాన్ మద్రాసు వచ్చినప్పుడు ఘంటసాల ఇంట్లోనే బస చేశారు. విజయనగరంలో పాఠం చెప్పిన గురువు కుమారుడు పట్రాయని సంగీతరావు మద్రాసులో ఘంటసాలకు సహాయకులుగా చేరి చివరిదాకా ఆయన వెంట ఉన్నారు.

పద్యం ఎలా పలకాలి

ఇప్పుడు పాఠం మొదట్లో అడిగిన ప్రశ్నకు వద్దాం.

ఘంటసాలకు ముందు పద్యం అంటే నాటకాల పద్యమే. మైకులు లేని రోజుల్లో వేలమంది ముందు, హార్మోనియం శ్రుతిలో నటుడు పాడేవాడు. చివరి వరుసలో ఉన్నవాడికి వినపడాలి కనుక గొంతెత్తి, ఒక్కో అచ్చును సాగదీసి, పద్యం చివర నిమిషాలకొద్దీ రాగం తీసేవాడు. ప్రేక్షకులు వన్స్‌మోర్ అని కేకలు వేస్తే మళ్ళీ మొదటినుంచి పాడేవాడు. అది గొప్ప కళే. ఇప్పటికీ ఇష్టపడేవారు ఉన్నారు. అయితే ఆ రాగంలో మాట మునిగిపోయేది. కథ ముందే తెలిసినవారికి అర్థమయ్యేది, తెలియనివారికి రాగమే మిగిలేది.

మైకు వచ్చాక గొంతు చించుకోవలసిన అవసరం పోయింది. ఆ సౌకర్యాన్ని పద్యం కోసం ఎలా వాడుకోవాలో ఘంటసాల కనిపెట్టారు. ఆయన మొదట మాటను అర్థం తెగేచోట విడదీస్తారు. సమాసం పొడవుగా ఉంటే మధ్యలో ఊపిరి తీసుకోరు, అది ముగిశాకే ఆగుతారు. ఒత్తు ఉన్నచోట ఒత్తు వినిపిస్తుంది. రాగం చివర కొంచెమే ఉంటుంది, అదీ పద్యంలోని భావానికి సరిపడేంత. కోపపు పద్యం ఒక రాగంలో, దుఃఖపు పద్యం ఇంకో రాగంలో. గ్రామఫోను రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే తిరుగుతుంది. ఆ కొలత కూడా ఆయనకు కలిసివచ్చింది. సాగదీయటానికి అందులో చోటు లేదు.

కరుణశ్రీగా పేరుపొందిన జంధ్యాల పాపయ్యశాస్త్రి పుష్పవిలాపం అనే పద్యాలు రాశారు. పూజకోసం పూలు కోయబోయిన వ్యక్తిని ఆ పూలే నిలదీస్తాయి. తల్లి ఒడి నుంచి తమను ఎందుకు తెంచుతావని అడుగుతాయి. ఘంటసాల వీటిని రికార్డుగా ఇచ్చారు. పుస్తకం కొన్నవారు వేలల్లో ఉంటే, రికార్డు విని కంఠస్థం చేసినవారు ఊరూరా ఉన్నారు. చదువు లేని తల్లులు ఈ పద్యాలు విని పూలు కోయటానికి వెనుకాడేవారట. కరుణశ్రీ మంచి కవి. అందులో సందేహం లేదు. అయినా ఆ గొంతు లేకపోతే ఆ పద్యాలు బడి గోడ దాటి ఇంతదూరం వచ్చేవి కావని నా నమ్మకం.

ఇంగ్లీషు పాటలు వినే అలవాటున్నవారికి సోల్ సంగీతం అనే మాట తెలిసి ఉంటుంది. అమెరికాలోని నల్లజాతివారు చర్చిలో పాడే భక్తిగీతాల ధోరణిని మామూలు ప్రేమపాటల్లోకి తెచ్చినప్పుడు పుట్టిన సంగీతం అది. అందులో పేరుపొందిన శామ్ కుక్, అరెతా ఫ్రాంక్లిన్ ఇద్దరూ మతబోధకుల బిడ్డలు. చర్చిలో పాడుతూ పెరిగారు. ఆ దేశం వేరు, ఆ సంగీతం వేరు. కానీ తండ్రి తరంగాలు పాడుతుంటే ఆడిన చౌటపల్లి పిల్లవాడు, ఆ భజన గొంతును సినిమా పాటలోకి తెచ్చిన తీరు కొంత ఇలాంటిదే. ఆయన ప్రేమపాటలో కూడా ఎక్కడో ఒక ప్రార్థన వినిపించటానికి కారణం అది కావచ్చు.

చివరి సంవత్సరాలు

1970లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన గాయకులుగా గౌరవించింది. 1971లో అమెరికా, ఇంగ్లండ్, జర్మనీ దేశాలలో కచేరీలు చేశారు. అప్పటికే ఆరోగ్యం బాగాలేదు. మధుమేహం ఉంది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుతూ ఉండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు.

భగవద్గీత పాడాలన్నది ఆయనకు చాలాకాలంగా ఉన్న కోరిక. ఎంపిక చేసిన శ్లోకాలు, వాటి వెంట తెలుగులో తాత్పర్యం. ఆ జబ్బులోనే దాన్ని రికార్డు చేశారు. శ్లోకం పాడిన గొంతే తాత్పర్యం చెబుతుంది, చదివినట్లుండదు, పక్కన కూర్చుని మాట్లాడినట్లుంటుంది. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఆయన చనిపోయారు. వయసు 51. గీత రికార్డు ఆ తర్వాతే జనం చేతికి వచ్చింది.

ఆ రికార్డుకు ఒక చిత్రమైన గతి పట్టింది. తెలుగువారి ఇంట్లో ఎవరైనా పోతే దాన్ని పెట్టటం ఆచారమైపోయింది. పొద్దున్నే ఏదో ఇంటినుంచి ఆ శ్లోకాలు వినపడితే ఎవరు పోయారని అడగటం మన వీధుల్లో మామూలు. యుద్ధభూమిలో చేయవలసిన పని చేయకుండా కూలబడిన మనిషిని లేపి నిలబెట్టటానికి చెప్పిన మాటలు గీతలో ఉన్నాయి. బతికున్నవారికోసం పాడినదాన్ని మనం చావుకు పరిమితం చేసుకున్నాం. మీ ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్న ఒక సాయంత్రం దాన్ని పెట్టి వినండి. పెద్దవాళ్ళు అపశకునమని కసిరితే కారణం చెప్పి ఒప్పించండి.

2003 ఫిబ్రవరి 11న తపాలా శాఖ ఆయన పేరిట ఒక స్టాంపు విడుదల చేసింది. విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు ఆయన పేరు పెట్టారు. ఆయనతో 1969లో ఏకవీర సినిమాలో కలిసి పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తర్వాతి తరానికి గొంతు అయ్యారు, 2020లో కన్నుమూశారు. గురుపుత్రులు పట్రాయని సంగీతరావు నూరేళ్ళు నిండిన తర్వాత 2021లో చెన్నైలో చనిపోయారు.

మీరు చేయవలసిన పని

పాఠం మొదట్లో మీకు పద్యం వినిపించిన పెద్దాయన దగ్గరకు మళ్ళీ వెళ్ళండి. ఈసారి నోటుపుస్తకం, కలం వెంట తీసుకువెళ్ళండి. సాంచాల చప్పుడు లేని చోటు చూసుకుని కూర్చోండి. ఆయనను నెమ్మదిగా పాడమనండి, ఒక్కో పాదం దగ్గర ఆపమనండి. విన్నది విన్నట్లు రాయండి. ఒత్తు ఎక్కడ ఉందో, దీర్ఘం ఎక్కడ ఉందో అనుమానం వస్తే మళ్ళీ పలకమని అడగండి. రాయటం పూర్తయ్యాక మీరు రాసినది ఆయనకు పైకి చదివి వినిపించండి. తప్పు పలికినచోట ఆయనే ఆపి దిద్దుతారు. దిద్దిన ప్రతిసారీ పుస్తకంలో ఆ అక్షరం కింద గీత గీయండి. తర్వాతి సంపర్క తరగతికి ఆ పేజీ తీసుకురండి.